రెండూ ఒకేసారి పోకుండా: చిత్తూరు పల్ప్ లైను ప్రాజెక్టు డైరీ

జనవరి, సంక్రాంతి అయ్యాక

చిత్తూరు నుంచి పూతలపట్టు పోయే దారిలో ఉన్న ఒక మామిడి పల్ప్ ఫ్యాక్టరీకి కంట్రోల్ సిస్టం మార్చే పని ఒప్పుకున్నాం. గడువు కాగితంమీద రాసుకోనక్కర్లేదు. జూన్‌లో తోతాపురి కోత ఊపందుకునేలోపు లైను సిద్ధం కావాలి. ఆ తర్వాత జులై చివరిదాకా ప్యానెల్ తలుపు ఎవరూ తెరవనివ్వరు.

పోయిన సీజన్‌లో జరిగింది ఇదీ. ఒక సాయంత్రం ఈదురుగాలికి కరెంటు రెండు మూడుసార్లు పోయి వచ్చింది. ఆ ఊగిసలాటలో 24 వోల్టుల పవర్ సప్లై కాలింది, దాంతోపాటే లైనంతా నడిపే కంట్రోల్ కంప్యూటరు, పీఎల్‌సీ, ఆరిపోయింది. గుజ్జును వేడిచేసి క్రిములను చంపే స్టెరిలైజర్ దాటాక, క్రిములు చేరకుండా నింపే అసెప్టిక్ ఫిల్లర్ దాకా ఉన్న పైపంతా స్టెరైల్‌గా, అంటే క్రిములు లేకుండా, ఉండాల్సిన భాగం. అక్కడ ఒకసారి ఒత్తిడి పడిపోతే, బయటి గాలి చొరబడిందో లేదో తేల్చిచెప్పగల మొనగాడు ఉండడు. లైను ఖాళీ చేయాలి, కడగాలి, మళ్లీ ఆవిరి పట్టించాలి. పవర్ సప్లై మార్చడం చిన్న పనే, అది దొరికి వచ్చేదాకా పట్టిన సమయం, ఆ తర్వాత లైను మళ్లీ స్టెరైల్ చేసిన సమయం కలిపితే రాత్రంతా పోయింది. గేటు బయట ట్రాక్టర్లు, లోపల మాగబెట్టిన కాయ. మాగిన కాయ ఎవరి మాటా వినదు.

మేనేజర్ మొదటి మాటే, "అన్నీ రెండేసి పెట్టేయండి సార్." ధరల పట్టిక చూశాక ఈ మాట మారుతుందని తెలుసు కాబట్టి తలూపి ఊరుకున్నాను.

ప్యానెల్ రూములో చాలా ఏళ్లుగా ఉన్న ఆపరేటరన్నను విడిగా అడిగాను, ఇక్కడ ఎక్కువగా ఏది పోతుందని. "పీఎల్‌సీ ఎన్నడూ దానంతట అది పోలా సార్. పొయ్యేదంతా కరెంటు, గాలి, ఎలకలు" అన్నాడు. గాలి అంటే వాల్వులను నడిపే ఇన్‌స్ట్రుమెంట్ ఎయిర్. నా నోటుబుక్కులో మొదటి పేజీ ఆయన చెప్పిన వరసలోనే రాసుకున్నాను.

ఫిబ్రవరి, లెక్కలు

మేనేజర్‌కి చూపించడానికి ఒక పేజీ లెక్క వేశాను. 60 రోజులు రాత్రీపగలూ నడిస్తే 1440 గంటలు. ఒక కంట్రోలర్ 99 శాతం అందుబాటులో ఉంటుందనుకుంటే 14.4 గంటలు పోతాయి. అలాంటివి రెండు పెట్టి, ఒకదాని జబ్బు రెండోదానికి అంటదనుకుంటే 99.99 శాతం. అంటే సీజన్ మొత్తానికి తొమ్మిది నిమిషాల లోపే.

అమ్మేవాళ్ల స్లైడుల్లో ఈ తొమ్మిది నిమిషాలే ఉంటాయి. లోపాల్లో 5 శాతం రెండింటినీ ఒకేసారి కూల్చేవనుకుని మళ్లీ వేస్తే ఆ తొమ్మిది కాస్తా యాభై నిమిషాలు దాటుతుంది. కంట్రోల్ వ్యవస్థల భద్రతకి రాసిన ఐఈసీ 61508 అనే అంతర్జాతీయ ప్రమాణంలో ఈ వాటానే బీటా ఫ్యాక్టర్ అంటారు. ఇలాంటిదే మూడో యంత్రం కొని పెట్టినా ఈ యాభై పెద్దగా తగ్గదు. రెండింటికీ ఉమ్మడిగా ఉన్నదాన్ని విడదీస్తేనే తగ్గుతుంది. ఒకే ఫ్యూజు, ఒకే కేబుల్ ట్రే, ఒకే ఏసీ, ఒకే ప్రోగ్రాం, ఇలాంటివి. నేను ఈ ప్రాజెక్టులో చేయబోయేది అసలు ఈ వేట.

ఇంకో సంగతి కూడా లెక్కలోంచే బయటపడింది. ఈ లైనులో ఎన్ని గంటలు ఆగిందన్నదానికన్నా ఎన్నిసార్లు ఆగిందన్నదే ఖర్చు. స్టెరైల్ వైపు రెండు సెకన్లు పట్టు తప్పినా, రెండు గంటలు తప్పినా, మళ్లీ ఆవిరి పట్టించే తంతు ఒకటే. కాయ కడిగే ట్యాంకు, కన్వేయర్ల సంగతి అలా కాదు. అవి పది నిమిషాలు ఆగితే పది నిమిషాలే నష్టం. కాబట్టి డబ్బంతా స్టెరిలైజర్, ఫిల్లర్ వైపు పెట్టి, కడిగే వైపు ఉన్న పాత పీఎల్‌సీని అలాగే ఉంచేద్దామన్నాను. దానికి ప్రోగ్రాం ఎక్కించిన స్పేర్ ఒకటి బీరువాలో ఉంటే చాలు. మేనేజర్ ముఖంలో నెమ్మది కనిపించింది, పట్టిక అప్పటికే చూసినట్టున్నాడు.

ఫిబ్రవరి చివర, 24 వోల్టులు

అందరూ పీఎల్‌సీకి మెదడైన సీపీయూతో మొదలుపెడతారు. నేను పవర్ సప్లైతో మొదలుపెట్టాను, ఆపరేటరన్న వరస ప్రకారం.

కంట్రోల్ లోడు కొలిస్తే 14 ఆంపియర్లు. 10 ఆంపియర్ల సప్లైలు రెండు పెడితే చక్కగా నడుస్తాయి, రెండూ బాగున్నంతకాలం. ఒకటి పోగానే రెండోది మోయలేక కుంగుతుంది. అందుకే ఒక్కొక్కటీ మొత్తం లోడు మోసేలా 20 ఆంపియర్లవి రెండు. మధ్యలో రిడండెన్సీ మాడ్యూల్, అంటే ఒకటి షార్టయినా రెండోదాన్ని కిందికి లాగకుండా డయోడ్ పని చేసే పెట్టె. ఒక సప్లైకి యూపీఎస్ నుంచి, రెండోదానికి నేరుగా లైటింగ్ డీబీ (లైట్లకి కరెంటు పంచే బోర్డు) నుంచి కరెంటు. యూపీఎస్ కూడా చెడిపోయే యంత్రమే కదా. ఎన్నో చోట్ల రెండు సప్లైలూ ఒకే యూపీఎస్ వెనక ఒకే ఎంసీబీ (బ్రేకర్) మీద వేలాడుతుంటాయి.

ఒక్కో సప్లైలో "డీసీ ఓకే" అని ఒక కాంటాక్టు ఉంటుంది. దాన్ని పీఎల్‌సీ ఇన్‌పుట్‌కి కలపకుండా వదిలేసిన ప్యానెళ్లు బోలెడు చూశాను. అలాంటి చోట మొదటి సప్లై పోయినరోజు ఎవరికీ తెలియదు. రెండోది పోయినరోజు ఊరందరికీ తెలుస్తుంది.

పాత ప్యానెల్లో ఇంకో దొంగ దొరికాడు. ఫీల్డులో కరెంటుతో తెరుచుకునే సాలినాయిడ్ వాల్వులన్నీ పీఎల్‌సీ తాగే 24 వోల్టులమీదే ఉన్నాయి, ఒక్కో గుంపుకి సి-రకం ఎంసీబీ. కడిగే నీళ్లు పడి సాలినాయిడ్ కేబుల్ షార్టయితే ఏమవుతుంది? సి-రకం ఎంసీబీ వెంటనే పడాలంటే దాని రేటింగుకి 5 నుంచి 10 రెట్ల కరెంటు కావాలి. పవర్ సప్లై అంత ఇవ్వదు, తన పరిమితి దగ్గర ఆగి వోల్టేజీని దించేస్తుంది. ఎంసీబీ పడదు, పీఎల్‌సీ పడుతుంది. రెండు సప్లైలున్నా రెండూ కలిసి ఆ ఒక్క షార్టుకే సేవ చేస్తాయి. అందుకని ప్రతి గుంపుకీ ఎలక్ట్రానిక్ బ్రేకర్ చానెళ్లు పెట్టాం. ఏ చానెల్ షార్టయితే అది మాత్రమే తెగుతుంది, ఏది తెగిందో స్క్రీన్‌మీద కనిపిస్తుంది. ఈ ప్రాజెక్టులో పెట్టిన డబ్బుకి అన్నింటికన్నా ఎక్కువ పని చేసేది ఇదేనని నా నమ్మకం, ఎవరి బ్రోచర్లోనూ మొదటి పేజీలో కనిపించదు గానీ.

మార్చి, సీపీయూలు

సిమెన్స్ ఎస్7-1500 కుటుంబంలో రిడండెంట్ సీపీయూలు రెండు రకాలు. 'ఆర్' రకంలో రెండు సీపీయూలూ ప్రొఫినెట్ రింగు (పరికరాలన్నింటినీ గుండ్రంగా కలిపే నెట్‌వర్కు తీగ) మీదుగానే ఒకదానితో ఒకటి సరిచూసుకుంటాయి. ఒకటి పోతే రెండోది అందుకోవడానికి 300 మిల్లీసెకన్ల వరకు పడుతుంది. 'హెచ్' రకంలో వాటి మధ్య ప్రత్యేకంగా ఫైబర్ ఉంటుంది, 50 మిల్లీసెకన్లు. హెచ్ ఖరీదు ఎక్కువ. మన పని గుజ్జు వేడి చేయడం. ట్యూబుల్లో ఉష్ణోగ్రత కదిలే వేగం సెకన్లలో ఉంటుంది, వాల్వులు తెరుచుకోవడానికే సెకను పడుతుంది. ఆర్ చాలు. టర్బైన్ అయితే ఈ మాట అనను.

ఆర్‌తో వచ్చిన మేలు ఇంకోటుంది. సెన్సర్లు, వాల్వుల తీగలు వచ్చి కలిసే ఐఓ కార్డులేవీ సీపీయూ పక్కన ఉండవు, అన్నీ రింగు మీద దూరంగా ఉంటాయి. కాబట్టి సీపీయూలను వేరు వేరు గదుల్లో పెట్టొచ్చు. ఒకటి ప్యానెల్ రూములో, రెండోది క్వాలిటీ ల్యాబ్ వెనక గోడకి. ప్యానెల్ కట్టేవాళ్లు రెండూ పక్కపక్కన ఉంటే చూడ్డానికి బాగుంటుందన్నారు. బాగుంటుంది, ప్యానెల్ ఏసీ ఆగిన మే మధ్యాహ్నం దాకా. ఈ సీపీయూలను అడ్డంగా బిగిస్తే 60 డిగ్రీల దాకా ఓర్చుకుంటాయి, నిలువుగా బిగిస్తే 40 డిగ్రీలే. చిత్తూరు ఎండల్లో, బాయిలర్ పక్క గదిలో, తలుపు మూసిన ఇనప పెట్టెలో 40 ఎంతసేపు నిలుస్తుందో లెక్క వేయనక్కర్లేదు. కొలతల కోసం ఎవరైనా నిలువుగా బిగిస్తామంటే ఒప్పుకోకండి.

గదులు విడదీసినా విడదీయలేనిది ప్రోగ్రాం. రెండు సీపీయూల్లో నడిచేది ఒకే కోడ్. అందులో తప్పుంటే రెండూ కలిసి తప్పుతాయి. మన జిల్లా పక్కనే శ్రీహరికోట ఉంది కాబట్టి కుర్రాళ్లకి రాకెట్ కథే చెప్పాను. 1996 జూన్ 4న యూరప్ వాళ్ల ఏరియాన్ 5 మొదటి ప్రయోగం. దిశ చెప్పే యూనిట్లు రెండు, రెండింట్లో ఒకే సాఫ్ట్‌వేర్. ఏరియాన్ 4 నుంచి తెచ్చుకున్న కోడ్‌లో 64 బిట్ల సంఖ్యను 16 బిట్లలో కుక్కే చోట పొంగిపోయింది. ముందు స్టాండ్‌బై యూనిట్ ఆగింది, 72 మిల్లీసెకన్లకి అసలుది కూడా అదే కారణంతో ఆగింది. రెండోది ఉండి కూడా ఉపయోగం లేకపోయింది. మా కోడ్‌లో భాగహారం ఉన్న ప్రతి చోటా, స్కేలింగ్ ఉన్న ప్రతి చోటా హద్దులు పెట్టించాను. ఫ్లో మీటర్ సున్నా చూపిస్తే బ్యాచ్ లెక్క ఏమవుతుందో సిమ్యులేటర్‌మీద నడిపి చూశాం.

బాయిలర్ నీటిమట్టం ఇంటర్‌లాకులను మాత్రం మేం తాకలేదు. వాటికి సొంత ప్రోబులు, సొంత రిలేలు ఉన్నాయి. నీళ్లు తగ్గితే పీఎల్‌సీని అడక్కుండానే మంట ఆపాలి. లైను నడవడం వేరు, మనిషి బతకడం వేరు. మొదటిదానికోసం రెండోదాన్ని ఒకే పెట్టెలో కలపడం నాకు నచ్చదు.

ఏప్రిల్ మొదట, సెన్సర్లు

గుజ్జును వేడిమీద కాసేపు నిలిపే హోల్డింగ్ ట్యూబ్ చివర ఉష్ణోగ్రత ఈ లైనుకి ప్రాణం. అది సెట్ పాయింట్ కన్నా తగ్గితే డైవర్షన్ వాల్వు గుజ్జును వెనక్కి, బ్యాలెన్స్ ట్యాంకుకి తిప్పేయాలి. పాతది ఒక్క పీటీ100 ఆర్‌టీడీ, అంటే వేడినిబట్టి ఓములు మారే సెన్సర్. రెండు పెడదామన్నారు. రెండు పెడితే ఒకటి 95, ఒకటి 91 చూపించిన రాత్రి ఎవరిని నమ్మాలి? తక్కువ చూపించేదాన్నే నమ్మితే భద్రమే, కానీ ఊరికే డైవర్ట్ అవుతూ ఉంటుంది. అందుకని మూడు పెట్టి, మధ్య విలువ తీసుకున్నాం. ఒకటి పైకి పరిగెత్తినా కిందికి పడినా మధ్యది కదలదు.

క్లాస్ ఏ ఆర్‌టీడీకి 95 డిగ్రీల దగ్గర అనుమతించే తేడా సుమారు 0.34 డిగ్రీలు. దానికి ట్రాన్స్‌మిటర్ (కొలతను 4 నుంచి 20 మిల్లీ ఆంపియర్ల సిగ్నల్‌గా మార్చేది) తేడా కలుపుకుని, ఏ ఒక్కటైనా మధ్య విలువ నుంచి 1 డిగ్రీ దాటి జరిగితే అలారం. మూడు ట్రాన్స్‌మిటర్లు మూడు వేర్వేరు అనలాగ్ కార్డుల్లోకి. సిగ్నల్ 3.6 మిల్లీ ఆంపియర్లకి దిగినా, 21 దాటినా అది కొలత కాదు, లోపం. ఆ సెన్సర్‌ను ఓటింగ్ నుంచి తీసేస్తాం. తీసేశాక మిగిలిన రెండింటిలో తక్కువది లెక్క. అప్పుడు ఊరికే డైవర్టయినా పర్వాలేదు.

మూడింటినీ ఒకే థర్మోవెల్‌లో (పైపులో సెన్సర్‌ని దూర్చే గొట్టం) దూర్చేద్దామని ఫిట్టర్ సలహా ఇచ్చాడు, వెల్డింగ్ తగ్గుతుందని. దాంట్లో నీళ్లు చేరితే మూడూ కలిసే అబద్ధమాడతాయి. మూడు వెల్స్ వేయించాం. క్యాలిబ్రేషన్‌కి కూడా ఇదే చూపు. మూడింటినీ ఒకే డ్రైబ్లాకుతో, అంటే తెలిసిన వేడి ఇచ్చే పెట్టెతో, సరిచేస్తే, ఆ డ్రైబ్లాకు తప్పయితే మూడూ ఒకే తప్పు చెబుతాయి, ఓటింగ్ చేతులు కట్టుకుని చూస్తుంది. కాబట్టి నలగ్గొట్టిన ఐసులో నీళ్లు పోసి 0 డిగ్రీల దగ్గర కూడా ఒకసారి చూశాం. 100 ఓములు రావాలి, వచ్చాయి.

ఏప్రిల్ చివర, గాలి, నెట్‌వర్కు

కంప్రెసర్లు రెండున్నాయి కదా అని అందరూ నిశ్చింతగా ఉన్నారు. పైపు వెంట నడిచి చూస్తే రెండు కంప్రెసర్ల గాలీ తేమ తీసే ఒకే డ్రయర్‌లోంచి పోతోంది. అది మూసుకుపోతే రెండు కంప్రెసర్లూ బయటే ఊళ వేసుకుంటూ కూర్చోవాలి. రెండో డ్రయర్‌కి ఈ ఏడు డబ్బు లేదన్నారు. ఫిల్టరున్న బైపాస్ వేయించి, స్టెరిలైజర్ వాల్వులకి విడిగా ఒక రిసీవర్ (గాలి నిల్వ ట్యాంకు), దాని ముందు గాలిని వెనక్కి పోనివ్వని నాన్ రిటర్న్ వాల్వు పెట్టించాం. గాలి పూర్తిగా పోయినా డైవర్షన్ వాల్వు స్ప్రింగుతో డైవర్ట్ వైపే పడుతుంది. అది మొదటినుంచీ అలాగే ఉంది, ఆ లైను డిజైన్ చేసినవాళ్లెవరో గానీ దణ్ణం పెట్టొచ్చు.

రింగు కేబుల్ రెండు చేతులూ ఒకే ట్రేలో పడుకోబెట్టారు. రింగన్నది కాగితంమీదే, నేలమీద అది ఒక్క తీగతో సమానం. ఒక చేతిని తూర్పు గోడవెంట, రెండోదాన్ని ఫిల్లర్ రూము పైకప్పు మీదుగా తిప్పించాను. ఎలక్ట్రీషియన్ రోజంతా నిచ్చెనమీదే ఉన్నాడు, సాయంత్రం నాతో మాట్లాడలేదు.

ఎంఆర్‌పీ (తెగిన రింగులో దారి మార్చే పద్ధతి) రింగు తెగితే దారి మార్చుకోవడానికి 200 మిల్లీసెకన్ల దాకా పట్టొచ్చు. ప్రొఫినెట్ పరికరం మామూలుగా వరసగా మూడు అప్‌డేట్లు రాకపోతే లింకు పోయిందనుకుంటుంది. పాత లైనులో మోటార్లను నడిపే డ్రైవులు 8 మిల్లీసెకన్ల అప్‌డేట్‌మీద ఉన్నాయి, అంటే 24 మిల్లీసెకన్లకే చేతులెత్తేస్తాయి. రింగు కోలుకునేలోపే డ్రైవులన్నీ ట్రిప్. ఈ గడువును 200 పైకి పెంచకపోతే రింగు పెట్టినా పెట్టకపోయినా ఒకటే.

మే, పీకుడు పరీక్షలు

గుజ్జు బదులు నీళ్లు నడుపుతూ ఒక్కొక్కటే పీకాం. సీపీయూ ఒకటి ఆపేశాం, ట్రెండులో ఉష్ణోగ్రత గీత చెక్కుచెదరలేదు. రింగు తీగ పీకాం, సరే. ఆర్‌టీడీ తీగ తెంపాం, సరే. లైటింగ్ డీబీ ఆపాం, సరే. యూపీఎస్ అవుట్‌పుట్ ఆపాం, అంతా చీకటి.

రెండు సప్లైలకీ ఫేజులు వేరే, మాడ్యూల్ బాగుంది, మరెందుకు? మీటరు పట్టుకుని వెతికితే ప్యానెల్ అడుగున ఒక టెర్మినల్ దగ్గర దొరికింది. ఫేజులు రెండు దారుల్లో వచ్చినా, రెండు సప్లైల న్యూట్రల్ ఒకే లింకులో కలిసి యూపీఎస్ వైపు పోతోంది. రెండు పోళ్ల బ్రేకర్ ఆపగానే న్యూట్రల్ కూడా తెగింది, రెండు సప్లైలూ పోయాయి. డ్రాయింగులో రెండు న్యూట్రల్స్ విడిగానే ఉన్నాయి. వేలంత పొడవున్న ఆ రాగి ముక్క డ్రాయింగులో లేదు. దాన్ని తీసి, న్యూట్రల్‌ని దేనిదారిన దాన్ని పంపి, మళ్లీ ఆపాం. ఈసారి నిలబడింది.

ఆపరేటర్ స్క్రీన్లను నడిపే స్కాడా సర్వర్లు రెండింటి మధ్య తీగ పీకినప్పుడు ఇంకో సరదా. ఎదుటిది చచ్చిందనుకుని రెండూ తామే పెద్దలమనుకున్నాయి. రెండు స్క్రీన్ల నుంచీ సెట్ పాయింట్ రాసే వీలుంది. పెద్దరికం ఎవరిదో సర్వర్లు తేల్చుకోకుండా పీఎల్‌సీ తేల్చేలా మార్చాం. రెండూ పీఎల్‌సీకి బతికున్నామని చెప్పే హార్ట్‌బీట్ పంపుతాయి, రాసే హక్కు ఒకదానికే ఇస్తుంది. ఎగుమతి ఆడిటర్లు ప్రతి లాటుకీ ఉష్ణోగ్రత రికార్డు అడుగుతారు కాబట్టి, నెట్‌వర్కు లేనప్పటి విలువలను దాచుకుని తర్వాత పంపే బఫర్ కూడా పెట్టాం. గడియారాలన్నీ ఒకే టైమ్ సర్వర్‌కి కట్టాం. లేకపోతే ఏ అలారం ముందు వచ్చిందో చెప్పడం కష్టం.

జూన్ చివర, సీజన్ మధ్యలో

ర్యాంపుల దగ్గర లారీలు, ట్రాక్టర్లు. లైను రాత్రీపగలూ నడుస్తోంది. పొద్దున ట్రెండ్లు చూస్తుంటే అలారం లిస్టులో "రింగు తెగింది" అని ఉంది. వచ్చింది ముందురోజు రాత్రి షిఫ్టులో. ఆపరేటర్ నొక్కి శబ్దం ఆపేశాడు. లైను ఆగలేదు కాబట్టి ఎవరూ కదల్లేదు. అంటే అప్పటినుంచీ మేం ఒక్క తీగమీద నడుస్తున్నాం.

తూర్పు గోడవెంట పోయిన చేయి, కడిగే ట్యాంకు వెనక. ఎలక కొరికింది. ఆపరేటరన్న "నే చెప్తినే" అన్నాడు. కేబుల్ మార్చి, ఆ ముక్కంతా జీఐ పైపులోంచి తోయించాం.

తీగ మార్చడం సులువే, ఆ పనికి మనిషిని కదిలించడమే కష్టం. ముందైతే ఏది పోయినా లైను ఆగేది, కాబట్టి పరిగెత్తేవాళ్లు. ఇప్పుడు ఆగదు. అందుకని "జోడులో ఒకటి పోయింది" అనే అలారాలన్నింటినీ వేరే గుంపు చేశాం. శబ్దం ఆపొచ్చు, కానీ షిఫ్టు మారినప్పుడల్లా మళ్లీ మోగుతుంది. షిఫ్టు షీటులో దానికో గడి ఉంది, అది నింపకుండా తర్వాతి షిఫ్టువాడు సంతకం పెట్టడు. రెండో షిఫ్టు సూపర్‌వైజర్ విసుక్కున్నాడు. విసుక్కోనీ.

మేనేజర్ నిన్న ఉత్సాహంగా ఫోను చేశాడు. వచ్చే ఏడు కడిగే లైనుకి కూడా రెండో సీపీయూ పెడదామన్నాడు. వద్దన్నాను. బీరువాలోని స్పేరుకి బ్యాటరీ, ప్రోగ్రాం వెర్షన్ ఒకసారి చూసుకుంటే చాలు, ఆ డబ్బుతో రెండో డ్రయర్ కొనమన్నాను. కొటేషన్లు ఆగస్టులో తెప్పిస్తానన్నాడు.